పక్క మంచం

మా అక్క నోటికి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదు. ఆ నోరే ఆమె కొంప ముంచింది.

బావకు పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. లేపడం, కూర్చోబెట్టడం, స్నానం అన్నీ అక్కే. ఆమె మోకాళ్లు ఎప్పుడో అరిగిపోయాయి. ఒకరోజు ఆయన్ని లేపబోయి తనూ పడింది. పక్కింటివాళ్లు వచ్చి ఇద్దర్నీ లేపారు. ఇక లాభం లేదని దగ్గర్లోని వృద్ధుల వసతి గృహంలో చేరదామనుకున్నారు. అక్కడ తమ పని తాము చేసుకోగలిగేవాళ్లకు పైన విడి గదులు, చేసుకోలేనివాళ్లకు కింద, నర్సుల కనుసన్నల్లో. ఇద్దరికీ సాయం అవసరమైతేనే దంపతులకు కింద ఒకే గది ఇస్తారు. అలాంటిది ఒక్కటే ఖాళీగా ఉంది. అక్కకు కావలసిందల్లా అదే, ఆయన పక్క మంచం.

నర్సు ఇంటికొచ్చి ఇద్దర్నీ చూస్తానన్న రోజు నేను ముందే వెళ్లి చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

"అక్కా, ఆవిడేం మెచ్చి మేకతోలు కప్పడానికి రావట్లేదు. నొప్పులున్నాయని చెప్పు. కుంటుతూనే నడువు."

"నాకు తెలీదా ఏంటే! నువ్వూరుకో."

ఏం తెలుసు, నా మొహం! బెల్లు మోగిందో లేదో, ఇంటికి ఎవరో వచ్చారన్న హుషారు వచ్చేసింది మనిషికి. చేతికర్ర తలుపు వెనక పెట్టేసింది. కూర్చోమన్నా వినకుండా టీ పెట్టింది. పై అరలో కప్పుల కోసం స్టూలెక్కింది. నేను ఎంత సైగ చేసినా చూస్తేనా!

"ఆయన్ని చూసుకోవడం మీకు కష్టంగా ఉంటోందా అమ్మా?" అని నర్సు అడిగింది.

"అబ్బే, నాకేం! రాయిలా ఉన్నాను. ఈయనకు చేసేది కూడా ఓ పనేనా?"

మొగుడు ఎదురుగా కూర్చుని ఉంటే ఆయన బరువని పరాయి మనిషితో ఎలా చెబుతుంది? అదీ నిజమే. నాకు మాత్రం తల బాదుకోవాలనిపించింది.

"ఇవన్నీ అబద్ధాలమ్మా," అన్నాను నర్సుతో.

"దీనికి చిన్నప్పట్నుంచీ అన్నింటికీ భయమే," అని అక్క నవ్వేసింది. నర్సు కూడా నవ్వింది.

బావను ఒక్కణ్ణే కింద చేర్చుకున్నారు. పక్క మంచం ఇంకో పెద్దాయనకు ఇచ్చేశారు. అప్పుడు అక్క లబోదిబోమంది. మళ్లీ చూడమని కాళ్లావేళ్లా పడ్డాం. ఖాళీ అయితే కబురు చేస్తామన్నారు. అక్కడ ఖాళీ అవడమంటే ఏమిటో మాకు తెలుసు.

నిన్న ఆయన్ని చూడటానికి వెళ్లాం. ఉన్నదంతా చెప్పేసి మనసారా ఏడుస్తానంది అక్క దారిలో. తీరా కూర్చుని నోరు తెరవబోతుంటే బావే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నాకేం బెంగ లేదే," అన్నాడు ముద్దగా వస్తున్న మాటలతో. "నా వల్ల నీ ఒళ్లు గుల్లయిందేమోనని కుమిలిపోయేవాణ్ణి. ఆరోజు ఆవిడతో నువ్వన్న మాట విన్నాక ప్రాణం కుదుటపడింది."

అక్క నావైపు చూసింది.

"నాకేమైందండీ? నిక్షేపంలా ఉన్నాను," అంది.

లేచి, ఆయన చూస్తున్నంతసేపూ నిటారుగా నడిచింది. గది దాటాక గోడ పట్టుకుని నా మీద వాలిపోయింది.

"ఇప్పుడు ఇక్కడ ఖాళీ అయినా ఎలా వస్తానే?" అంది.