మౌస్ అత్త చేతిలో

మేనేజరుని కాళ్ళావేళ్ళా పడి నన్ను సీసాలు కడిగే షెడ్డులోంచి స్టోరు గదికి మార్చడానికి ఒప్పించింది, స్టోరులోనే పనిచేసే మా అత్తే. షెడ్డులో కాస్టిక్ సోడా నీళ్ళకి నా వేళ్ళు పాసిపోయాయి. అయితే స్టోరులోకి కంప్యూటర్లు వచ్చాయి. ట్రైనింగ్ చివర పెట్టే పరీక్ష నెగ్గితేనే స్టోరు, లేకపోతే మళ్ళీ షెడ్డే అన్నాడు మేనేజరు.

ట్రైనింగ్‌లో ఇద్దరికొక కంప్యూటర్ ఇచ్చారు. నాకు జోడీ అత్తే. అత్త కుర్చీ లాక్కుని మౌస్ పట్టుకుంది.

"నువ్వు చూస్తూ ఉండవే పిల్లా, అదే వచ్చేస్తుంది."

చూశాను. సరుకు పేరు ఎక్కడ నొక్కాలో, ఎర్ర గీత వస్తే ఎలా సరిచెయ్యాలో కళ్ళు మూసుకున్నా కనిపించేది. ట్రైనింగ్ ఇచ్చే సార్ ఏదన్నా అడిగితే జవాబు నా గొంతు దాకా వచ్చేది. ఈలోగా అత్త చెప్పేసేది. "మీ జట్టు భేష్" అనేవాడు సార్.

ఒకసారి ధైర్యం చేసి మౌస్ మీద చెయ్యి వేశాను.

"అబ్బా, తప్పు నొక్కితే అంతా పోతుందే తల్లీ! నీ కోసమేగా నా తాపత్రయం."

చెయ్యి తీసేశాను. అంత చేసిన మనిషిని ఇంకేం అడుగుతాం?

పరీక్ష రోజు అందర్నీ విడివిడిగా కూర్చోబెట్టారు. మౌస్ కదిపితే బాణం గుర్తు తెర మూలకి పోయి దాక్కుంది. నాకు అన్నీ తెలుసు, నా చేతికే ఏమీ తెలియదు. బల్ల అంచు వచ్చేసరికి మౌస్‌ని గాల్లోకి ఎత్తి తెర వైపు తిప్పి పట్టుకున్నాను.

"అది టీవీ రిమోటు కాదమ్మాయ్" అన్నారెవరో. అందరూ నవ్వారు.

అత్త తన పని వదిలేసి గబగబా వచ్చింది. "ఇటివ్వు. సార్, చిన్నపిల్ల, కంగారు పడింది. నేను చూసుకుంటా."

సార్ అటు తిరిగి పక్కవాళ్ళ తెర చూడసాగాడు. ఇచ్చేస్తే ఇవాళ గట్టెక్కుతాను. రేపట్నుంచి?

"అత్తా, నువ్వెళ్ళి కూర్చో."

గదంతా వినపడింది. నా గొంతుకి నాకే భయమేసింది. అత్త ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయింది.

టైమయ్యేసరికి కంప్యూటర్లోకి సగం సరుకుల పేర్లే ఎక్కించాను. "చేసినంతలో తప్పు లేదు. కానీ సగానికి పాస్ చెయ్యలేనమ్మా" అన్నాడు సార్. "ఇన్నాళ్ళూ నీకు మౌస్ ఇవ్వలేదా?"

అత్త ఇటే చూస్తోంది.

"నేనే అడగలేదు సార్."

మళ్ళీ ట్రైనింగ్ ఎప్పుడో ఆయనకీ తెలియదట. అప్పటిదాకా షెడ్డే.

బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా అత్త ముందుకెళ్ళి కూర్చుంది. నేను అరచేతిని మోకాలి మీద పెట్టి, పైకి ఎత్తకుండా, నెమ్మదిగా జరుపుతూ ఉన్నాను.