నాలుగూ పదికి వెచ్చదనం

ఆ ఇంటి ముందుగదిలో తొమ్మిది గోడగడియారాలు ఉన్నాయి. ఏ రెండింటికీ పొత్తు కుదరదు. పాత గడియారాలను విప్పి, కడిగి, నూనె వేసి మళ్ళీ నడిపించడం అతని సరదా. వాటి కింద బల్ల మీద రెండు తెరలు పెట్టుకుని, ఎక్కడో ఉన్న నాలుగు వందల సర్వర్ల నాడి చూడడం అతని ఉద్యోగం. ఏది వేడెక్కినా, ఏది మూగబోయినా ముందుగా అతనికి తెలియాలి. చూసిన ప్రతిదాన్నీ తేదీతో, వేళతో, కారణంతో నోటుపుస్తకంలో రాసుకుంటాడు కనుక ఆఫీసులో అతన్ని ‘చిట్టా’ అంటారు. కారణం గడిని ఖాళీగా వదిలిన రోజు ఆ పుస్తకంలో లేదు.

మంచు కురిసే ఆ ఊళ్ళో, ఆ చలికాలం అతని మీద మరో బాధ్యత పడింది. వెనకగదిలో ఒక చెక్కపెట్టె. అందులో మట్టీ ఎండుటాకులూ కప్పుకుని ఒక తాబేలు శీతనిద్రలో ఉంది. దాని పేరు పెద్దాయన. బావ దాన్ని ముప్పైయొక్క ఏళ్ళు పెంచాడు. కిందటి వేసవిలో బావ పోయాడు. అక్క పిల్లినీ తాబేలునూ వెంటబెట్టుకుని తమ్ముడింటికి వచ్చేసింది. వచ్చిన రోజే ఒక మాట చెప్పింది.

“మీ బావ చివర్లో నన్నడిగింది ఒక్కటేరా. పెద్దాయన్ని ఈ చలి దాటించమన్నారు. చలి తగ్గాక అది కళ్ళు తెరిస్తే చాలు, నాకింకేం అక్కర్లేదు.”

దాటించడం చెప్పినంత తేలిక కాదు. పెట్టె లోపల అయిదు డిగ్రీలుండాలి. పది దాటితే తాబేలు మేలుకుని, ఒంట్లో దాచుకున్న బలాన్నంతా అకాలంలో ఖర్చుచేసుకుంటుంది. సున్నాకు దిగితే ఇక మేలుకోనే మేలుకోదు. అలాగని మూత తీసి మాటిమాటికీ చూడకూడదు. అందుకని అతను పెట్టె లోపల ఒక సెన్సరు అమర్చాడు. అది అయిదు నిమిషాలకొకసారి వేడిని కొలిచి అతని తెరకు పంపుతుంది. తెర మీద అది ఒక నీలిగీత.

డిసెంబరులో ఒక ఆదివారం, సాయంత్రం నాలుగూ పదికి, ఆ గీత లేచింది. అయిదు నుంచి తొమ్మిదికి ఎక్కి, నలభై నిమిషాల్లో మళ్ళీ దిగింది.

టీ తెచ్చిన అక్క తెరను చూసి, కప్పు బల్ల మీద పెట్టడం మరిచిపోయింది.

“నాలుగూ పది. మీ బావ పని నుంచి వచ్చే వేళ. చెప్పులు విప్పగానే పెట్టె దగ్గర కూర్చుని మూత మీద చెయ్యి ఆనించేవారు. బాగున్నావా పెద్దాయనా అని పలకరించి గానీ నాతో మాట్లాడేవారు కాదు.”

“పిల్లి ఎక్కి పడుకుని ఉంటుందక్కా.”

“నువ్వు చూశావా?”

“చూడక్కర్లేదు. ఈ ఇంట్లో వెచ్చటి ఒళ్ళు మూడే. నీది, నాది, ఇన్‌స్పెక్టరుది.”

ఇన్‌స్పెక్టరు పిల్లి పేరు. వెనకగది తలుపు ఓరగానే ఉంది. పిలవగానే ఇన్‌స్పెక్టరు అందులోంచే ఒళ్ళు విరుచుకుంటూ వచ్చింది. కేసు అంతటితో ముగిసిపోవాలి. అయినా అక్క ముఖం చూశాక, మాటతో చెప్పడం కన్నా రుజువుతో చెప్పడం మేలనిపించింది. గదికి తాళం వేశాడు. తలుపు రెక్కల మధ్య కాగితం పట్టీ అతికించి, దాని మీద సంతకం చేసి తేదీ వేశాడు.

“ఇదేంట్రా, జప్తు చేసిన ఇంటికి మల్లే?”

“రేపు గీత లేవదు. నీ అనుమానం తీరిపోతుంది.”

“నాకేం అనుమానం లేదు. అనుమానం ఉన్నవాళ్ళే సీళ్ళు వేస్తారు.”

సోమవారం నాలుగూ పదికి ఇన్‌స్పెక్టరు అక్క ఒళ్ళో గురకపెడుతోంది. తాళం తాళంగానే ఉంది. గీత లేచింది. తొమ్మిదికి ఎక్కింది. దిగింది.

అతని మెడ వెనక వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. వెంట్రుకలకు తర్కం తెలియదని తనకు తాను చెప్పుకుని, కారణం గడిలో ‘గోడ అవతలి వేడినీళ్ళ గొట్టం’ అని రాశాడు. మంగళవారం ఇల్లంతా చుట్టి వచ్చాడు. ఆ గోడ అవతల గొట్టమే లేదు, కొట్టేశాడు. బుధవారం ‘పడమటి ఎండ’ అని రాశాడు. వారం రోజులుగా సూర్యుడి జాడే లేదని కిటికీలోంచి చూశాక గుర్తొచ్చింది; అదీ కొట్టేశాడు. గురువారం ‘కాకతాళీయం’ అని రాశాడు. కాకి రోజూ ఒకే నిమిషానికి వచ్చి వాలితే, తాడిపండు రోజూ అదే నిమిషానికి రాలితే, ఆ మాటకు అర్థముండదు. ఆ రోజుకు కొట్టేయలేదు, మర్నాడు కొట్టేశాడు.

బయట చలి ముదిరింది. కుళాయిల్లో నీళ్ళు గడ్డకట్టాయి. పెట్టెలో మాత్రం అయిదు డిగ్రీలు, సాయంత్రానికి తొమ్మిది. అక్క మూడున్నరకే తల దువ్వుకుని, కుర్చీ జరుపుకుని తెర ముందు కూర్చోవడం మొదలుపెట్టింది. గీత లేవగానే “వచ్చారు” అనేది. ఆ మాట వినపడ్డప్పుడల్లా అతను గడియారాలకేసి తిరిగి, కీ ఇవ్వవలసిన అవసరం లేనివాటికి కూడా కీ ఇచ్చేవాడు.

సీలు మాత్రం తీయలేదు. నిద్రకు భంగం కలిగించకూడదని అక్కకు చెప్పాడు. ఆధారాలు ఇంకా చాలవని తనకు చెప్పుకున్నాడు. నిజానికి ఆ గొళ్ళెం మీద చెయ్యి వేయడానికి అతనికి మనసొప్పలేదు.

పదకొండో రోజు మధ్యాహ్నం ఆఫీసు సమావేశం తెర మీద జరుగుతోంది. ఏ యంత్రం ఎప్పుడు చెడుతుందో ముందే చెబుతుందని ‘జోస్యం’ అని పేరుపడ్డ సహోద్యోగిని అందుకుంది.

“చిట్టా గారూ, మూడో వరస సర్వరు గీత చూశారా? మరీ బుద్ధిగా ఉంది.”

“బుద్ధిగా ఉంటే మంచిదేగా.”

“నిన్నటిదీ ఇవాళ్టిదీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూశానండి. వెంట్రుకవాసి తేడా లేదు. బతికున్నది ఏదీ అలా ఉండదు. అది మొన్ననే చచ్చింది. అంకె రాకపోతే, నిన్న అదే వేళకొచ్చిన అంకెను తెచ్చి అతికించే ఏర్పాటొకటి ఉంది మన దగ్గర. పెద్దవాళ్ళకి గీత తెగినట్టు కనిపించకూడదని పెట్టారట. ఆ దిక్కుమాలిన పని ఎవరు చేశారో గానీ...”

“నేనే,” అన్నాడు.

అవతల నలుగురూ నవ్వారు. అతను నవ్వలేదు. ఇంట్లో సెన్సరు అమర్చిన రోజున దానికి కూడా ఆ ప్రోగ్రామునే తెచ్చి తగిలించాడు. పదకొండు రోజుల నీలిగీతలనూ ఒకదాని మీద ఒకటి పరిచాడు. తెర మీద ఒక్క గీతే కనిపించింది.

ఆ మొదటి ఆదివారం రాత్రే సెన్సరు బ్యాటరీ అయిపోయింది. ఆ సాయంత్రం పెట్టె మీద పడుకున్న పిల్లి వెచ్చదనాన్నే అతని ప్రోగ్రాము రోజూ నాలుగూ పదికి తెచ్చి వడ్డించింది. తాడును చూసి పామనుకున్నవాడికి దీపం తెస్తే భయం పోతుంది. అతనికి దీపం తెచ్చాకే భయం మొదలైంది. పది రోజులుగా, కుళాయిలు గడ్డకట్టిన చలిలో, ఆ పెట్టె లోపల ఏమవుతోందో ఎవరికీ తెలియదు. చూడడానికి వీల్లేకుండా తాళం వేసింది తనే.

“అక్కా, తాళంచెవి ఎక్కడ పెట్టాను?”

“నీ జేబులోనే ఉంటుంది. ఎందుకు? ఇంకా నాలుగు కాలేదుగా.”

నడుస్తూనే చెప్పాడు. అక్క నడవాలో ఆగిపోయింది.

“అంటే ఇన్నాళ్ళూ...”

“ఒక్క ఆదివారాన్నే మళ్ళీమళ్ళీ చూశాం.”

“నేను తల దువ్వుకుని కూర్చున్నది నీ అతుకుల లెక్కకా?” అంది. అది కోపం కాదు. “సరే. అదెలా ఉందో ముందు చూడు.”

కాగితం పట్టీ చెక్కుచెదరలేదు. సంతకం సంతకంలానే ఉంది. అతను దాన్ని చింపి, తాళం తీసి, గొళ్ళెం లాగాడు. లోపలి చలి ముఖం మీద కొట్టినట్టు తగిలింది. పైనున్న చిన్న కిటికీ అద్దం చట్రంలోంచి జారి నేలమీద పడి ఉంది. పిల్లికి పెట్టిన నీళ్ళ గిన్నెలో మంచు ఉబ్బి గిన్నె పగిలింది. గోడకున్న ఉష్ణమాపకం సున్నాకు మూడు డిగ్రీలు కింద చూపిస్తోంది.

పెట్టె మూత మీద తెల్లగా మంచు పేరుకుని ఉంది, ఒక్కచోట తప్ప. మూత నడిమధ్యన, అరచేయి మేర, చెక్క పొడిగా, తన రంగులో తాను ఉంది.

అతను మూత ఎత్తి, ఆకులు తప్పించి, గోడమీది ఉష్ణమాపకాన్నే తీసి మట్టిలో గుచ్చాడు. నాలుగున్నర డిగ్రీలు. వేలికొసతో పెద్దాయన ముందుకాలిని తాకాడు. ఏమీ జరగలేదు. గదిలోకి వినవస్తున్న తొమ్మిది గడియారాల చప్పుడును లెక్కపెడుతున్నట్టు అక్క పెదవులు కదులుతున్నాయి. అప్పుడు ఆ కాలు, తొందరేమీ లేనట్టు, మెల్లగా చిప్పలోకి వెళ్ళిపోయింది.

అక్క పక్కన పెట్టిన మూత దగ్గరికి వచ్చి, ఆ పొడిచోట తన చెయ్యి ఆనించి చూసింది. చెయ్యి అందులో ఇమిడిపోయి చుట్టూ వేలెడు మిగిలింది.

“నాది కాదు,” అంది. “నీ చెయ్యి పెట్టి చూడు.”

“ఆకులు వేడిని బయటికి పోనివ్వవక్కా. అద్దం ఎప్పుడు పడిందో కూడా మనకు తెలియదు. ఇవాళే పడి ఉండొచ్చు.”

“గిన్నె పగిలేంత మంచు ఒక్క పూటలో గడ్డకడుతుందా? సరే, నేనేం అన్లేదు. చెయ్యి పెట్టి చూడమన్నాను. అంతే.”

అతను పెట్టలేదు. పెట్టెను నడవాలోకి మోసుకొచ్చి, బయటి గోడకు దూరంగా దింపాడు. సెన్సరుకు కొత్త బ్యాటరీ వేశాడు. ప్రోగ్రాములో ఆ అతుకు ఏర్పాటును తీసేశాడు. ఇకపై అంకె రాకపోతే తెర మీద గీత తెగిపోతుంది. తర్వాత పుస్తకం తెరిచి తేదీ, వేళ, ఉష్ణోగ్రత రాశాడు. మంచు లేని చోటును స్కేలుతో కొలిచి, ఆ కొలత కూడా రాశాడు. ‘కారణం’ దగ్గర కలం ఆగింది. ‘ఆకులు’ అని రాయవచ్చు. అది అబద్ధమని రుజువు చేయగలవారెవరూ లేరు.

పిల్లిని ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చున్న అక్క పుస్తకంలోకి తొంగి చూసింది. “ఏం రాస్తావు?”

నాలుగూ పదయింది. గడియారాలు అప్పటికే తమ తమ వేళల్లో ఒకదాని వెనక ఒకటి నాలుగు కొట్టేశాయి. తెర మీద నీలిగీత తిన్నగా సాగిపోతోంది, అయిదు దగ్గర, ఎక్కడా లేవకుండా. అక్క ఒళ్ళో పడుకున్న ఇన్‌స్పెక్టరు మాత్రం లేచి, నడవాలో పెట్టెను దాటి వెళ్ళి, ఖాళీ వెనకగది మూసిన తలుపు ముందు కూర్చుంది.

అతను ఆ గడిని అలాగే వదిలి పుస్తకం మూశాడు.