ముందువరస శ్రోత

లీడ్స్ రోడ్డు మీద ఎర్రదీపం పడగానే బర్కత్ హుస్సేన్ వేళ్ళు స్టీరింగు మీద తాళం వేయడం మొదలుపెట్టాయి. చరణం కుదిరేలోగా పచ్చదీపం వచ్చేసింది. వెనకాల కారువాడు హారన్ మోగించాడు. బర్కత్ తప్పు నాదేనన్నట్టు చెయ్యెత్తి బస్సును కదిలించాడు. బ్రాడ్‌ఫర్డ్‌లో ఆదివారం పొద్దున బస్సెక్కేవాళ్ళు తక్కువ. ఎక్కినవాళ్ళకూ తొందరుండదు. ఆయన గజళ్ళన్నీ ఇలా ఎర్రదీపాల దగ్గర పుట్టినవే.

మోకాళ్ళు స్టీరింగుకు తగిలేంత పొడుగు మనిషి. గోరింటాకు పెట్టిన గడ్డం మొదళ్ళలో తెల్లబడింది. కోటు లోపల భార్య సుఘ్రా అల్లిన స్వెట్టరు. దాని ఒక చెయ్యి పొడుగు, ఒకటి పొట్టి. పొట్టిదాన్ని మణికట్టు దాకా లాగుతూ ఉండడం ఆయన రెండో ఉద్యోగం. కలం పేరు 'ముసాఫిర్'. "రోజంతా జనాన్ని దింపి, తాను మాత్రం బయల్దేరిన చోటికే వచ్చేవాడు బాటసారెలా అవుతాడో!" అంటుంది సుఘ్రా.

మందులషాపు తన్వీర్ సాహెబ్ నెలకోసారి లైబ్రరీ పైగదిలో ముషాయిరా పెడతాడు. చిన్న కవులు ముందు చదువుతారు, పెద్దవాళ్ళు తర్వాత. అందరికన్నా చివర చదవడం అందరికన్నా గొప్ప మర్యాద. వచ్చేవాళ్ళలో ముప్పాతిక మంది కవులే కనుక, ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళు తమ కాగితాలు సరిచూసుకుంటూ ఉంటారు. నిజంగా వినేది బర్కత్ ఒక్కడే. ముందువరసలో కూర్చుని, కవి మొదటి చరణం అనగానే దాన్ని అందుకుని తిరిగి పలుకుతాడు. రెండో చరణం ముగింపు మాటల్లో కవితో గొంతు కలుపుతాడు. "ముకర్రర్! మళ్ళీ చదవండి!" అని చెయ్యెత్తుతాడు. ఆ చెయ్యి లేస్తే గదంతా లేస్తుంది. దగ్గుమందు లాంటి తన్వీర్ సాహెబ్ గజళ్ళు కూడా ఆ చెయ్యి పుణ్యమా అని గట్టెక్కేవి.

బర్కత్ చదివేటప్పుడు మాత్రం సరిగ్గా టీ వచ్చేది. ఒక్కసారి, ఎవరైనా, తన చరణం అందుకుంటే చాలని ఆయన కోరిక. ఈ మాట ఎవరితోనూ అనలేదు. అందుకోమని అడిగితే అది బిచ్చమే కదా. మొన్న చలికాలంలో పెద్దకవి పోయాడు. ఆయన చివరి చోటు ఇవాళ బర్కత్‌ది.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి సుఘ్రా సమోసాలు వేయిస్తోంది. ముషాయిరాలో టీబల్ల ఎప్పుడూ ఆమెదే.

"ఇవాళ చివర చదివేది నేను," అన్నాడు.

"చివరికి సమోసాలేం మిగలవు. మీకు రెండు పక్కన పెడతాలెండి."

"నువ్వు వింటావా?"

"నాజియా వాళ్ళ నాన్నా, స్నానాలగదిలోంచి అదే గోల రోజూ వింటున్నా. మళ్ళీ అక్కడికొచ్చి కూడా వినాలా?"

"టిక్కెట్టేం లేదుగా, మంచిదానా."

"అందుకే విలువలేదు."

లైబ్రరీ మెట్ల మధ్యలో ఆయన ఆగి, గోడకు చెయ్యి ఆనించాడు. ఏమైందని అడిగింది సుఘ్రా. "ప్రాస వెతుకుతున్నా," అన్నాడు. ఆయన ఎక్కడ ఆగినా కారణం అదే గనుక ఆమె పైకెళ్ళిపోయింది.

అందరూ అయ్యాక ఆయన వేదికెక్కాడు. స్వెట్టరు చెయ్యి లాక్కున్నాడు.

"బూటుకంటిన మట్టి రోజూ అడుగుతుంది, వచ్చేశామా అని..."

ఆగాడు. ఎవరైనా అందుకోవలసిన చోటు అదే. కాగితాలు గరగరలాడాయి. ఎవరో తుమ్మారు. అందుకునే మనిషి కోసం ఆయన అలవాటుగా ముందువరస వైపు చూశాడు. అక్కడ ఖాళీ కుర్చీ, దాని మీద తన కోటు. ఇన్నేళ్ళూ ఈ గదిలో అందుకున్న మనిషి తానొక్కడేనని అప్పుడు తెలిసింది.

"బూటుకంటిన మట్టి రోజూ అడుగుతుంది, వచ్చేశామా అని!" టీబల్ల దగ్గర్నుంచి సుఘ్రా గొంతు. "ఊఁ, తర్వాత? కాస్త గట్టిగా చదవండి, కెటిల్ రొదలో వినపడి చావట్లేదు."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. టీ పోసే ఆడమనిషి చరణం అందుకోవడం ఆ గది ఎరగదు. తన్వీర్ సాహెబ్ తెరిచిన నోరు మూయలేదు.

"ఎలా చెప్పను దానికి, ఇంకా ముందుంది ఊరు."

'ఇంకా' దగ్గర సుఘ్రా గొంతు కలిపింది. 'ఊరు' దగ్గరికొచ్చేసరికి ఆమె చుట్టూ ఉన్న ఆడవాళ్ళూ కలిపారు. తర్వాతి ద్విపదకి మగవాళ్ళ కాగితాలు ఒళ్ళోకి దిగాయి. తన్వీర్ సాహెబ్ అయితే "ముకర్రర్!" అంటూ కుర్చీలోంచి లేచాడు. కవి పేరు రావలసిన చివరి ద్విపదను బర్కత్‌తో మళ్ళీ మళ్ళీ చదివించారు.

"దిగమని అనకండి ముసాఫిర్‌ని, బయట చలిగా ఉంది,
కాసేపు ఇలాగే పోనివ్వండి, ఇంకా ముందుంది ఊరు."

కిందికి దిగాక ఆయన కారు తాళాలు సుఘ్రా చేతిలో పెట్టాడు. ఆమెకు నడపడం వచ్చినా, తాను పక్కనుండగా తాళాలివ్వడం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి.

"ఏం, లైసెన్సు లాక్కున్నారా?"

"ఇవాళ కూర్చుని వెళ్దామనుంది."

"అయితే ఇది పట్టుకోండి. తన్వీర్ సాహెబ్ వాళ్ళది. గీత పడితే వాళ్ళావిడ నన్ను బతకనివ్వదు." ఖాళీ స్టీలు పళ్ళెం ఆయన ఒళ్ళో పెట్టింది.

కొంతదూరం పోయాక అంది, "ఆ మట్టి సంగతి బాగుంది. బూట్లు బయట విప్పమని మొత్తుకునేది నేను. పేరు మాత్రం మీది." ఆయన నవ్వాడు. మరికొంతదూరం పోయాక, "ఆ చివరిది మళ్ళీ చెప్పండి," అంది.

ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. గడ్డం గుండెల మీదికి వాలింది. కొత్త గజల్ కడుతున్నాడనుకుంది. ఎప్పుడూ సరిగ్గా ఇలాంటప్పుడే పప్పు, గ్యాసు, కరెంటు గుర్తొచ్చేవి ఆమెకు. ఇవాళ ఒక్కరోజైనా నోరు మెదపకూడదనుకుంది. ఇంటి మలుపు వచ్చినా తిప్పలేదు. కొండ పక్కగా చుట్టు తిరిగి, హారన్ కొట్టకుండా, మెల్లగా పోనిచ్చింది. ఎర్రదీపం పడ్డచోటల్లా ఆయన వేళ్ళు పళ్ళెం మీద తాళం వేస్తాయేమోనని చూసింది.

ఇంటిముందు ఆపాక కూడా, చలి తగులుతుందని ఇంజను ఆపలేదు. చాలాసేపటికి ఆయన భుజం మీద చెయ్యేసింది.

"నాజియా వాళ్ళ నాన్నా, ఇల్లొచ్చింది."

తర్వాత చాలారోజులు, పొయ్యి వెలగని ఆ ఇంటికి వీధిలోని ఇళ్ళన్నిట్నుంచీ అన్నం గిన్నెలు వచ్చాయి, కడిగి వెనక్కి వెళ్ళాయి. పళ్ళెం గురించి మాత్రం తన్వీర్ సాహెబ్ భార్య అడగలేదు. సుఘ్రా దాన్ని కారులోంచి తీయలేదు. మలుపుల్లో జారి కిందపడుతోందని దానికి బెల్టు పెట్టింది. అంచున సమోసా పొరలు ఎండి అంటుకున్న స్టీలు పళ్ళెం, పక్కసీట్లో, కిటికీ వైపు కాస్త ఒరిగి ఉంది.