డెబ్బై రెండు కిలోల అక్క

రక్తం తిప్పే యంత్రం మూత బిగించి మీట నొక్కితే అది సరిగ్గా పది నిమిషాలు తిరుగుతుంది. మధ్యలో తెరవకూడదు. తొందరపెట్టినా వినదు. ఆ ల్యాబులో పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న చెల్లెలికి ఆ లెక్క ఒంటికి పట్టేసింది. రిపోర్టు ఎప్పుడిస్తారని ఎవరడిగినా "పది నిమిషాలు" అనేది. రెండు గంటలు పట్టేదానికీ అదే జవాబు. అందుకని తోటివాళ్ళు ఆమెకు పదినిమిషాలమ్మ అని పేరు పెట్టుకున్నారు.

మనం మాత్రం ఆమెను చెల్లెలు అనడమే సబబు. నలభై తొమ్మిదేళ్ళొచ్చినా ఆమె ముందు అక్కకు చెల్లెలు, తర్వాతే ఇంకేదైనా. ఇద్దరూ పెళ్ళి జోలికి పోలేదు. ఇంట్లో ఉండేది ఇద్దరే. అక్క లెక్కల టీచరుగా చేసి రిటైరయింది. ఆమె క్లాసులో సాకులు చెప్పినవాళ్ళు చెవులు పట్టుకుని గుంజీలు తీయాల్సిందే.

ఆ అక్క బీరువా మీది పెట్టె దించబోయి, కుర్చీ మీంచి పడి, తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషను బాగానే జరిగింది. తర్వాత ఆమెను మళ్ళీ నడక నేర్పే వార్డుకు మార్చారు. అక్కడి ఫిజియో ముప్పై ఏళ్ళు నిండని పిల్ల, మాట మాత్రం అరవై ఏళ్ళ మనిషిది. ఫైల్లోంచి తలెత్తకుండానే చెప్పేసింది.

"పగటిపూట మనిషిని పెట్టుకుంటానంటున్నారు, బాగుంది. మిగతా టైంలో మీరొక్కరే కదా? మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూముకి ఆవిడని మీరొక్కరే మార్చగలగాలి. ఆరు వారాల తర్వాత చూస్తాం. మీ వల్ల కాకపోతే పెద్దవాళ్ళ హోముకి పంపడం తప్ప వేరే దారి లేదు."

"దానికి నేనేం చెయ్యాలి?"

"కాళ్ళకి, నడుముకి బలం తెచ్చుకోండి" అని ఆ పిల్ల పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

చెల్లెలు ఆ ఒక్క ముక్కా పట్టుకుంది. అక్క బరువు డెబ్బై రెండు కిలోలు, తనది యాభై ఒకటి. ఆ లెక్క ఎటు తిప్పినా తేలలేదు. పొద్దున ఆరున్నరకి ఇల్లు వదిలితే, సాయంత్రం ల్యాబు నుంచి నేరుగా వార్డుకు, అక్కణ్ణించి ఇంటికి చేరేసరికి ఒళ్ళు హూనం. వ్యాయామానికి టైం ఎక్కడుందని చేతులెత్తేయొచ్చు, లోకంలో సగం మంది చేసేది అదే. ఆమెకు ఆ వెసులుబాటు లేదు. అక్కను హోముకు పంపి, ఆ ఇంటి తాళం ఒక్కతే తీసుకుని లోపలికి వెళ్ళడమన్నది ఊహకే అందలేదు. యంత్రం రోజుకు నాలుగుసార్లు తిరుగుతుంది. నాలుగు పదులు నలభై. ఎవరూ అడగని నలభై నిమిషాలు కళ్ళ ముందే పడి ఉన్నాయి.

మర్నాడే తలుపు వేసుకుని మొదలుపెట్టింది. నిమిషం చేతులూ కాళ్ళూ కదిలించడం, ఆ తర్వాత గుంజీలు, గోడకు చేతులానించి దండీలు, నీళ్ళ క్యాను నేల మీంచి బల్ల మీదికి ఎత్తడం. ఒక్కోటీ ఒక్కో నిమిషం, రెండు చుట్లు. మిగిలిన మూడు నిమిషాలు ఊపిరి తీసుకోవడానికే సరిపోయేవి. మూడోనాడు తొడలు పట్టేసి మెట్లు అడ్డంగా దిగుతుంటే కౌంటర్లో కూర్చునే ఆయన చూశాడు.

"ఏంటమ్మా, పీతలా దిగుతున్నారు?"

"పీతలకి అక్కలుండరు" అని ఆమె కసురుకుంది. ఆయనకేమీ అర్థం కాకపోయినా మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

అయిదు లీటర్ల క్యాను పదయింది, పది ఇరవయ్యింది. ఉన్నది పది నిమిషాలే కనక ఫోను చూడ్డానికీ దిక్కులు చూడ్డానికీ వీల్లేదు. గంట తీరిక దొరికినవాళ్ళు కూడా ఇంత ఒళ్ళు వంచరని ఆమెకు లోలోపల గర్వంగా ఉండేది. సాయంత్రం అక్క మంచం పక్కన కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించేది.

"నువ్వేం కష్టపడకక్కా. ఊరికే పడుకో. నేను మోస్తాగా."

అక్క బుద్ధిగా తలూపేది. అంత బుద్ధి అక్కకు ఎప్పుణ్ణించి అబ్బిందని చెల్లెలికి అనుమానం రావాల్సింది. రాలేదు.

ఆరు వారాలూ గడిచాయి. పరీక్ష రోజున ఫిజియో కుర్చీని మంచం పక్కన పెట్టి, "కానివ్వండి" అంది. చెల్లెలు గట్టిగా ఊపిరి పీల్చి, వంగి, ఒక చెయ్యి అక్క వీపు కిందా ఒకటి మోకాళ్ళ కిందా దూర్చి, పళ్ళ బిగువున ఎత్తేసింది. డెబ్బై రెండు కిలోలూ నిజంగానే గాల్లోకి లేచాయి. ఆమె సంబరం చెప్పనలవి కాదు. రెండడుగులు కూడా వేసింది.

"దించండి! ముందు దించండి!" అని ఫిజియో కేకలు పెట్టింది.

అక్కను కుర్చీలో దించాక ఆ పిల్ల ఇద్దరి వంకా చూసింది.

"మీరు ఆవిడని సామాను ఎత్తినట్టు ఎత్తారు. రోజుకి ఎనిమిదిసార్లు ఇలా చేస్తే నెలకల్లా నడుం విరిగి పక్క మంచం మీద మీరుంటారు. ఆవిడ లేచి నిలబడాలి, మీరు పట్టుకోవాలి. అంతే. రోజూ లేపి నిలబెడదామని మేం వస్తే, 'మా చెల్లెలు మోస్తుంది' అని ఆవిడ దుప్పటి ముసుగేసుకుంటున్నారు. ఆ కాళ్ళు చూడండి, ఎలా అయిపోయాయో."

చెల్లెలు మొదటిసారి ఆ కాళ్ళు చూసింది. తన తొడలు గట్టిపడిన ఆరు వారాల్లో అక్క తొడలు సగమయ్యాయి.

రెండు వారాల గడువు దొరికింది. తర్వాత ఆ మంచం ఇంకొకరికి కావాలి. ఫిజియో వెళ్ళాక అక్క గోడవైపు తిరిగింది.

"నన్ను హోముకి పంపెయ్యవే. పీడా పోతుంది."

చెల్లెలికి ఒళ్ళు మండిపోయింది. "ఆరు వారాలు నేను క్యాన్లు మోస్తుంటే నువ్వు ముసుగుతన్ని పడుకున్నావా? ఏమొచ్చింది నీకు?"

అక్క దుప్పటి మెడదాకా లాక్కుంది. తర్వాత గోడకే చెప్పింది. "భయమే. నిలబడితే మళ్ళీ పడతానని."

అక్క నోట ఆ మాట చెల్లెలు అంతవరకు విని ఎరగదు. కోపమంతా ఒక్కసారిగా నీరుగారిపోయి, ఆ చోట జాలి నిండింది. దానికంటే ఎక్కువగా సిగ్గేసింది. పడుకోమని చెప్పింది తనే కదా.

మర్నాటి నుంచి పద్ధతి మారింది. యంత్రం మీట నొక్కగానే చెల్లెలు వార్డులో ఉన్న అక్కకు ఫోను చేసి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచేది. అక్కడ నర్సు అక్కను మంచం అంచున కూర్చోబెట్టి, మంచం పక్క కమ్మీ పట్టించి, పక్కనే నిలబడేది.

"లే అక్కా."

"కాలు లాగుతోందే."

"సాకులు చెప్పకు. లే. నేనూ లేస్తున్నా."

ఇక్కడ ఈమె గుంజీ తీసి లేస్తే, అక్కడ ఆమె మంచం మీంచి లేవాలి. మొదటిసారి పది నిమిషాలకూ కలిపి లేచింది రెండుసార్లు, అవీ సగం సగం. లెక్కల టీచరు బేరాలాడ్డంలో తన స్టూడెంట్లందరినీ మించిపోయింది. నిన్న నాలుగుసార్లు లేచాను కనక ఇవాళ రెండు చాలంది. నర్సుకు వేరే పనుందంది. సిగ్నలు సరిగా లేదంది. చెల్లెలికి తల ప్రాణం తోకకొచ్చేది. అయినా రోజుకు నాలుగుసార్లూ వదల్లేదు. గంటసేపు చేద్దామంటే అక్క మొదటి రోజే ఎదురు తిరిగేది. పది నిమిషాలే కనక తిట్టుకుంటూనైనా లేచేది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఫోను ఎంత మోగినా అక్క తియ్యలేదు. చెల్లెలు మళ్ళీ మళ్ళీ చేసింది. నాలుగోసారికి నర్సు తీసింది.

"ఆవిడ నిలబడున్నారండీ. మీకంటే ముందే మొదలెట్టేశారు. రెండు చేతులూ కమ్మీ మీదున్నాయి, ఫోనెలా తీస్తారు?"

వెనకనుంచి అక్క గొంతు వినపడింది. "పదకొండు. దాన్ని మధ్యలో మాట్లాడొద్దని చెప్పు, లెక్క తప్పుతోంది."

రెండో పరీక్షకు ఫిజియో అదే కుర్చీని అదే చోట పెట్టింది. ఈసారి చెల్లెలు అక్క మోకాళ్ళకు తన మోకాళ్ళానించి, కిందికి వంగి, చేతులు అక్క నడుం వెనక పెట్టుకుంది. ఎందుకైనా మంచిదని డెబ్బై రెండు కిలోలకు సరిపడా ఒంట్లో ఉన్న బలమంతా కూడదీసుకుంది.

"ఒకటి, రెండు, మూడు" అని అక్కే లెక్కపెట్టింది. లేచింది.

చెల్లెలి చేతుల్లోకి బరువేమీ రాలేదు. అక్క వీపు వణుకుతున్నది మాత్రం తెలిసింది. తనూ మెల్లిగా నిటారుగా నిలబడి, అక్క ముఖం ఎదురుగా ఉంటుందనుకుని చూస్తే అక్కడ మెడ కనిపించింది. రెండు నెలలుగా మంచం మీదికి వంగి వంగి మాట్లాడి, అక్క తనకంటే జానెడు పొడుగన్న సంగతే మరిచిపోయింది. తలెత్తి పైకి చూసింది. కళ్ళలో నీళ్ళు నిండి ఆ ముఖం సరిగా కనపడలేదు.

"ఏడుపు తర్వాత" అంది అక్క పైనుంచి. "ముందు తిరుగు. ఎంతసేపని నిలబడను?"

ఇద్దరూ చిన్న చిన్న అడుగులు వేస్తూ కుర్చీ వైపు తిరిగారు.