హైడ్రో డబ్బా

"కెమిస్ట్రీ చదివావుగా, దీని సంగతి చూడు" అంటూ మొగుడు తెల్ల చొక్కా విసిరాడు. జేబు దగ్గర అరచేయంత రంగు మరక. ఆమె డిగ్రీ ఆ ఇంట్లో గుర్తొచ్చేది మరకలప్పుడే. అతను అద్దకం మిల్లులో సూపర్వైజరు, మరకకు మందు కూడా తనే తెచ్చాడు. డబ్బాడు హైడ్రో.

తెల్లటి పొడి, అగ్గిపుల్ల గీసినప్పటి ఘాటు. మిల్లులో నీలిరంగును కరిగించి నూలుకు ఎక్కించేది అదే, కాగితం గుజ్జుకు తెలుపు తెచ్చేదీ అదే. ఎదుటిదాన్ని మారుస్తుంది, ఆ పనిలో తాను చెడిపోతుంది, మళ్ళీ దేనికీ పనికిరాదు. పాఠంలో దాన్ని క్షయకరణి అన్నారు. ఇంట్లో అయితే కోడలనే వరసతో పిలుస్తారని ఆమె తనలో తాను నవ్వుకుంది. కాగితం మిల్లు ల్యాబులో ఆమెకు ఉద్యోగం వచ్చింది. వచ్చేదీ రానిదీ ఆ సాయంత్రంలోగా ఫోన్ చేసి చెప్పాలి. "చూద్దాం" అన్నాడు మొగుడు. ఆయన చూద్దామన్నవేవీ ఇంతవరకు చూడలేదు.

"అత్తయ్యా, దీనికి తడి తగలకూడదు. దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది."

"అగ్గిపెట్టె లేకుండానే? మీ పుస్తకాలు చల్లగుండ" అంది అత్తగారు. వంటింట్లో ఒకే తడి చెంచాతో అన్ని డబ్బాలూ తిరిగే మనిషి. మధ్యాహ్నం తన దిండు గలేబు మరక కోసం ఆ చెంచాతోనే పొడి తీసి, మూత బిగించింది.

కాసేపటికి డబ్బా మూత ఎగిరి పొగలు కక్కింది.

"నీళ్ళు పొయ్యకండి, బయటికి లాగాలి" అని ఆమె పరుగెత్తుకొచ్చింది.

"నిప్పుకి నీళ్ళు కాక పన్నీరు పొయ్యమంటావా?" అంటూ మొగుడు చెంబుడు కుమ్మరించాడు. మంట భగ్గుమంది. తువ్వాళ్ళు అంటుకున్నాయి. ఇనప చువ్వతో డబ్బాను పెరట్లోకి ఈడ్చింది ఆమే, చెయ్యి కాలిందీ ఆమెకే.

"చదువుకున్నదానివి, గట్టిగా చెప్పొద్దూ?" అంది అత్తగారు.

"చెంచా పెట్టింది మీరు, నీళ్ళు పోసింది ఈయన."

"ఇప్పుడు తప్పులెంచి ఏం లాభం? ఇంట్లో ఒక్క డబ్బా కాయలేనిదానివి, అక్కడ పీపాలు కాస్తావా?" అన్నాడు మొగుడు.

సాయంత్రం కాలిన చేతికి గుడ్డ చుట్టుకుని ఫోన్ తీసింది. పక్కనే మొగుడు ఒక్క అక్షరం చదవకుండా పేపరు తిప్పుతున్నాడు.

"ఇంట్లో వద్దన్నారా అమ్మా?" అని అడిగింది అవతల ల్యాబు మేడమ్.

"ఎవరూ వద్దనలేదండీ. నాకే అంత జాగ్రత్త లేదు."

అబద్ధమని తెలిసే ఆ మాట మొదలుపెట్టింది. ఫోన్ పెట్టేసేసరికి అది అబద్ధమో కాదో ఆమెకే తేలలేదు.