మెట్లు లేని ఇల్లు

దుప్పటి రెండు కొసలు దారాలక్క చేతుల్లో ఉన్నాయి, మిగతా రెండూ పొడుగక్క చేతుల్లో. ఒక్క విదిలింపుతో మధ్యనున్న ముడతలన్నీ పోవాలి. తర్వాత ఎడమచేతి కొస కుడిచేతి కొసను కలవాలి. గుడ్డ సగమయ్యాక ఇద్దరూ నాలుగడుగులు ముందుకు నడిచి ఎదురెదురుగా నిలబడాలి. పొడుగక్క తన కొసల్ని అందిస్తుంది, దారాలక్క అందుకుంటుంది. మళ్లీ వెనక్కి, మళ్లీ ఇంకో దుప్పటి.

"ఒకటి," అంది పొడుగక్క విదిలింపుకు. "రెండు," అంది కొసలు కలపడానికి. "రా," అంది నడకకు.

ఈ మూడు మాటలూ ఎవరికోసమో ఆసుపత్రి లాండ్రీలో తెలియనివాళ్లు లేరు. ఒక్కోసారి దారాలక్క చేతులు సగం మడతలో ఆగిపోతాయి. ఆ క్షణానికి తానెక్కడుందో, చేతుల్లో ఉన్నదేమిటో అంతా చెరిగిపోతుంది. అవతల్నించి "రా" అని వినిపించగానే కాళ్లు వాటంతటవే కదులుతాయి. తల మరిచినదాన్ని కాళ్లు మరవలేదు, అదొక్కటే ఆమె అదృష్టం.

లాండ్రీ ఆసుపత్రి అడుగున ఉంది. గదికి ఒక చివర ఉతికే డ్రమ్ములు ఆరు, మధ్యలో దుప్పట్లు ఇస్త్రీ చేసే వేడి రోలరు, ఈ చివర మడతబల్ల. బల్ల మీది ట్యూబ్‌లైటును పొడుగక్క ఎప్పుడో స్టూలెక్కి ఊడదీసింది. ఆ వెలుగు దారాలక్క కళ్లలో సూదుల్లా గుచ్చుకుని, మధ్యాహ్నానికల్లా తలను రెండు ముక్కలు చేసేది. ఎడమ చెవిలో పొద్దస్తమానం కీచురాయి కూస్తుంది కాబట్టి పొడుగక్క ఏం చెప్పినా కుడివైపు వచ్చి చెబుతుంది. ఇవన్నీ ఎవరూ చెప్పుకోలేదు. పదకొండేళ్లలో వాటంతటవే కుదిరిపోయాయి.

దారాలక్క అన్న పేరు ఊరికే రాలేదు. ఏ దుప్పటి ఏ వార్డుదో తెలియడానికి అంచున దారం కుడతారు. పిల్లల వార్డుకు పసుపు, ఆపరేషన్ల వార్డుకు నీలం, జ్వరాల వార్డుకు ఎరుపు. ఆమె ఆ పద్ధతిని ఇంటికి పట్టుకుపోయింది. స్టవ్ మరకు ఎరుపు దారం, అంటే బయటికెళ్లే ముందు చూసుకో అని. పొద్దుటి మాత్రల డబ్బాకు నీలం, రాత్రివాటికి నలుపు. కొత్త నర్సు పేరు గుర్తుండక ఆవిడ గౌనుకు ఆకుపచ్చ దారం కుట్టబోయిందని కూడా ఒక కథ ప్రచారంలో ఉంది. అది పచ్చి అబద్ధం. కానీ బాగుందని ఆమే ఖండించలేదు.

ఇవాళ పొడుగక్కకు చివరి రోజు. నాలుగింటికి రిటైరవుతుంది. దారాలక్కకు ఉన్న బెంగ అదొక్కటే అయితే ఏడ్చి ఊరుకునేది. కిందటి నెల ఆమె రోలరు మీద దుప్పటి వదిలేసి మంచినీళ్లకని వెళ్లింది. కుళాయి దగ్గర నిలబడి, ఎందుకొచ్చానా అని ఆలోచిస్తూ ఉండిపోయింది. ఇక్కడ దుప్పటి మాడి గదంతా పొగ. ఎవరికీ ఏమీ కాలేదు గానీ పైవాళ్లు ఊరుకుంటారా? ఈమెకున్న జబ్బేమిటో, పని చెయ్యగలదో లేదో డాక్టరు రాసిచ్చిన కాగితం ఇవాళ నాలుగింటికల్లా తెమ్మన్నారు. తేకపోతే రేపటినుంచి ఇంటి దగ్గరే.

ఇంటి దగ్గర ఏముంది? నాలుగు గోడలున్నాయి. ఆ నాలుగింటిలో మూడింటికి ఆమె తల తెలుసు.

పావుతక్కువ పదకొండుకు సూపర్‌వైజరు వచ్చింది. నిమిషానికోసారి మణికట్టు చూసుకునే ఆవిణ్ని వెనకాల అందరూ గడియారమ్మ అంటారు. ఏనాడూ నవ్విన పాపాన పోలేదు. చిత్తు కాగితమైనా పారెయ్యదు. అతికించిన కవరొకటి దారాలక్క చేతిలో పెట్టింది.

"ఇది డాక్టరుకే ఇవ్వాలి. నువ్వు విప్పకు."

"ఇందులో ఏముంది మేడమ్?"

"ఇవ్వు, తెలుస్తుంది. టైమవుతోంది, వెళ్లు."

దారాలక్కకు ఒళ్లు మండింది. ఈ మధ్య కోపం కూడా చెప్పాపెట్టకుండా వస్తోంది. మనిషిని వెళ్లగొట్టాలంటే మొహం మీద చెప్పొచ్చుగా, ఆ ఉత్తరం నాచేతే మోయించాలా అనుకుంది. కవరును పరపరా చించెయ్యబోయింది. పొడుగక్క కుడివైపు వచ్చి నిలబడింది.

"చించకే. వెళ్లి ఇచ్చిరా."

"నీకు తెలుసా అక్కా ఇందులో ఏముందో?"

"తెలుసు. నేను చెప్పను. వెళ్లు." ఆమె చేతిలోని కవరు సరిచేస్తూ మళ్లీ అంది. "ఈసారి మాత్రం అడిగినదానికి జవాబు చెప్పు."

రెండో అంతస్తుకు లిఫ్టులో వెళ్తే కళ్లు తిరుగుతాయి. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. ఇక్కడికి రావడం ఇది మూడోసారి. రెండుసార్లూ డాక్టరమ్మ ఒకే ప్రశ్న అడిగింది. తలకు ఎప్పుడైనా గట్టి దెబ్బలు తగిలాయా? రెండుసార్లూ ఒకటే జవాబు. ఒకట్రెండుసార్లు జారి పడ్డాను. అన్నీ జారిపోయే ఆ తలలో ఈ అబద్ధం ఒక్కటీ మేకు కొట్టినట్టు నిలిచిపోయింది. భర్త పోయి నాలుగేళ్లయింది. ఆయన మంచివాడని పదిమందికీ చెప్పిన నోటితో, పోయినవాణ్ని ఇప్పుడు అల్లరి పెట్టడం ఎందుకని ఊరుకుంది. చెబితే ఇన్నాళ్లూ ఎందుకు పడ్డావని అడుగుతారన్న సిగ్గు కూడా ఉంది.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. దారాలక్క కళ్లు చిట్లించడం చూసి లేచి కిటికీ తెర లాగింది. తర్వాత కూర్చుని ఉన్నమాట చెప్పేసింది.

"ఒకట్రెండు పడటాలకి మీకింత ఉండదమ్మా. కారణం తెలియకపోతే మతి తగ్గుతోందనే రాయాలి. అలా రాస్తే వాళ్లు మిమ్మల్ని పనిలో ఉంచరు."

దారాలక్క కవరు బల్ల మీదికి తోసింది.

డాక్టరమ్మ విప్పింది. లోపల ఉత్తరం లేదు. పాత సెలవు చీటీలున్నాయి, గుండుసూదితో గుచ్చినవి. కొన్ని పసుపెక్కాయి. అన్నీ దారాలక్క చేతిరాతే. డాక్టరమ్మ ఒక్కొక్కటే తిప్పుతూ మెల్లగా చదివింది.

"మెట్ల మీంచి జారి పడినందున రెండు రోజులు సెలవు. మెట్ల మీద కాలు మడతపడి తలకు దెబ్బ తగిలినందున మూడు రోజులు. మెట్లు దిగుతుండగా..." చివరిదాకా చదవలేదు. "పంతొమ్మిది ఉన్నాయి. మీ ఇంట్లో మెట్లెన్నమ్మా?"

ఇంత చిన్న ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. అబద్ధానికి ఎన్నో జాగ్రత్తలు తీసుకున్న మనిషి ఈ సంగతే చూసుకోలేదు.

"లేవు," అంది. "మాది నేల మీది ఇల్లు."

డాక్టరమ్మ తొందర పెట్టలేదు.

"ఆయన కొట్టేవాడు," అంది దారాలక్క. "తల మీదే. మొహం మీదైతే కనబడుతుంది కదా. జుట్టు కిందైతే ఎవరికీ కనబడదు. గోడకేసి ఒకసారి, తలుపుకేసి ఒకసారి. అలా."

"ఇవి పంతొమ్మిది. మొత్తం ఇంతేనా?"

"ఇవి ఉద్యోగంలో చేరాక. అంతకుముందు పద్నాలుగేళ్లు సెలవు చీటీ రాయాల్సిన పని లేకపోయింది."

అప్పుడు ఏడ్చింది. నాలుగేళ్ల కింద ఆయన పోయినప్పుడు కూడా ఏడ్చింది, అదీ నిజమైన ఏడుపే. ఇది వేరు. డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"మీకు మతి పోవట్లేదమ్మా. వయసు వల్ల వచ్చిందీ కాదు. ఇది దెబ్బ. విరిగిన కాలు ఎలాగో ఇదీ అలాగే. పూర్తిగా పోతుందని చెప్పను. తలనొప్పికీ, తూలుడుకీ మందులూ కసరత్తులూ ఉన్నాయి. ఏం చెయ్యగలరో, ఏం చెయ్యకూడదో ఇప్పుడు నేను రాయగలను."

రాసింది. మడత పని చెయ్యవచ్చు. రోలరు పని వద్దు. రెండు గంటలకోసారి చీకటి గదిలో కాసేపు విశ్రాంతి. చెప్పేవి కుడివైపునుంచి, ఒకదాని తర్వాత ఒకటి చెప్పాలి. రాయడం అయ్యాక దారాలక్క మణికట్టుకున్న నీలం దారం చూసి అదేమిటని అడిగింది. దారాల సంగతంతా విన్నది.

"ఇది ఎవరు నేర్పారు మీకు?"

"ఎవరు నేర్పుతారమ్మా. నేనే."

"ఇలాంటి దెబ్బలున్నవాళ్లు వారానికోసారి ఇక్కడికొస్తారు. మీ దారాల పెట్టె పట్టుకుని మీరూ రండి. వాళ్లకి చూపిద్దురుగాని."

తల తిరుగుతున్నా, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది.

కింద పొడుగక్కకు అందరూ కలిసి కొనిచ్చిన కొత్త బూట్లు వేయిస్తున్నారు. బిగుతుగా ఉన్నాయని గొణుగుతూనే వేసుకుంది. దారాలక్క కాగితం చూపించింది. పొడుగక్క చదివి, మడిచి, ఆమె జేబులోనే పెట్టింది.

"ఆయన పోయిన రోజు మీ ఇంటికొచ్చా," అంది. "అందరూ ఏడుస్తుంటే నేను మెట్ల కోసం వెతికా. పెరట్లోకి కూడా వెళ్లి చూశా. ఆ సంగతి మొన్ననే మేడమ్‌కి చెప్పా."

"నాలుగేళ్ల నుంచి తెలుసా నీకు?"

"నువ్వే చెబుతావని చూశా. అడగాల్సింది. తప్పు నాదే."

"నేను చెప్పేదాన్ని కాదులే అక్కా. అడిగితే నీతో మాట్లాడటం మానేసేదాన్ని."

"అదే భయం నాకూ." పొడుగక్క ముక్కు చీది, ఆమె చెంప మీద ఒక్కటి మెల్లగా తట్టింది. "ఆదివారం రా. నీ మూడు మాటలూ ఇంకెవరితోనైనా అనిపించుకో."

నాలుగింటికి దారాలక్క పిల్లల వార్డు బండిలో దుప్పట్లు సర్దుతోంది. వెనక్కి తిరిగేసరికి పొడుగక్క లేదు. వీడ్కోళ్లు ఆమెకు ఎప్పుడూ గిట్టవు. బయటికెళ్లే తలుపు ఇంకా కొద్దిగా ఊగుతోంది.

బల్ల మీద పన్నెండు దుప్పట్లు మిగిలాయి. ఒక్కచేతి మీద అయ్యే పని కాదు. దారాలక్క వాటినే చూస్తూ నిలబడి ఉండగా గడియారమ్మ వచ్చింది. కాగితం తీసుకుని రెండుసార్లు చదివింది. తర్వాత, ఆ గదిలో ఎవరూ ఏనాడూ చూడని పని చేసింది. చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ చీటీలన్నిటి మీదా నా సంతకమే ఉంది," అంది. "పంతొమ్మిదిసార్లు పెట్టాను. మెట్ల గురించి ఒక్కసారీ అడగలేదు."

దారాలక్క ఫర్వాలేదు అందామనుకుంది. ఫర్వా ఉంది కాబట్టి అనలేదు. దుప్పటి రెండు కొసలు తీసి ఆవిడకు అందించింది.

"నాకీ పని రాదు. చెప్పు," అంది గడియారమ్మ, కుడివైపు వచ్చి నిలబడి.

"విదిలించాలి మేడమ్. ఒకటి."

గడియారమ్మ విదిలింపుకు గుడ్డ ఆవిడ తల మీదే పడింది. ముఖం బయటికి తీసేసరికి నెరిసిన జుట్టంతా లేచి నిలబడింది. డ్రమ్ముల దగ్గరున్నవాళ్లు నవ్వు ఆపుకోలేక అటు తిరిగారు. దారాలక్క ఆపుకోలేదు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

"మళ్లీ చేద్దాం. ఒకటి. రెండు. రండి."

ఆరో దుప్పటి దగ్గర దారాలక్క చేతులు ఆగిపోయాయి. అంతా చెరిగిపోయింది. అవతల్నించి ఇంకా కుదురుకోని గొంతు ఒకటి, కాస్త ఆలస్యంగా, "రా" అంది. కాళ్లు కదిలాయి.

పన్నెండూ అయ్యాక గడియారమ్మ గడియారం పెట్టుకుని వెళ్లింది. దారాలక్క దారాల పెట్టె తీసింది. రేపటికి మరవకూడనివాటికి దారం కట్టుకున్నాకే ఆమె ఇంటికి బయల్దేరుతుంది. డాక్టరు కాగితానికి ఆకుపచ్చది కట్టింది. ఆదివారం కోసం ఒక పసుపుది సంచీకి కట్టింది. అప్పుడు బల్ల అవతల పొడుగక్క రబ్బరు చెప్పులు కనిపించాయి. కొత్త బూట్లలో వెళ్లిన మనిషి పాతవి ఎప్పుడూ నిలబడే చోటే విడిచింది. దారాలక్క వంగి, నీలం దారం ఒక మూర తెంపింది. కాసేపు చేతిలో పట్టుకుని, మళ్లీ పెట్టెలో వేసి మూత పెట్టింది. నాలుగడుగుల దూరంలో, మడమల దగ్గర అరిగిపోయి, వేళ్లు ఇటువైపు తిరిగి ఉన్న ఆ జత ఏ దారమూ లేకుండానే ఉండిపోయింది.