రాములవ్వ నీడ

చెరుకు తోటలో కలుపు తీసి వచ్చిన రాములవ్వ కాళ్లు కడుక్కుని నేరుగా కల్లు దుకాణానికి పోయేది. ముప్పై ఏళ్ల అలవాటు. మంగళవారాలు మాత్రం ఆమె నీడ మలుపు దగ్గర విడిపోయి అంగన్‌వాడీకి వెళ్లేది. అక్కడ ఆశా కార్యకర్త జ్యోతిరాణి కల్తీ కల్లు గురించి చెప్పేది. అందులో మత్తుమందు కలుపుతారని, అలవాటైన ఒంటికి అది ఒక్కసారిగా ఆగిపోతే ఫిట్స్ వస్తాయని, బోధన్ దవాఖానలో మందులిచ్చి మెల్లగా మాన్పిస్తారని. నీడ ముందు వరసలో చాప మీద కూర్చుని వినేది. జ్యోతిరాణి దానికి హాజరు వేసేది.

నీ నీడ బుద్ధిగా వింటోందని ఆమె మెచ్చుకుంటే, "గంత శ్రద్ధ ఉంటే రేపు కలుపుకు గూడ గదే పోవాలె," అని రాములవ్వ నవ్వేసేది.

శ్రావణంలో అధికారులు వచ్చి దుకాణానికి తాళం వేశారు. మూడో రోజు పొద్దున రాములవ్వ చేతులు వణికాయి, మెడ నిలవలేదు. భర్త భోజన్నను తమ్ముడనుకుని, మరదలు బాగుందా అని అడిగింది. పక్క ఊరి నుంచి ఒక సీసా తెచ్చి తాపితే తగ్గుతుందన్నారు ఇరుగుపొరుగు. భోజన్న సైకిల్ తీశాడు.

రాములవ్వ నీడ లేచి వెళ్లి అతని నీడ చెయ్యి పట్టుకుంది. నీడ కదలకపోతే భోజన్నకు కాలు లేవలేదు. కాసేపు పెనుగులాడాడు. నలభై ఏళ్లు ఆమెతో కాపురం చేసినవాడు, ఎప్పుడు ఓడిపోవాలో తెలుసు.

"సరే తియ్యి. యాడికంటె ఆడికే పోదాం," అన్నాడు. నీడ బోధన్ బస్సు ఆగే చోటికి దారితీసింది.

ఇంకో పూట ఆగితే ఫిట్స్ వచ్చేవన్నాడు డాక్టరు. పన్నెండు రోజులు ఉంచుకున్నారు. తొమ్మిదో రోజు పప్పులో ఉప్పు లేదని రాములవ్వ ఆయాతో పంచాయితీ పెట్టుకుంది. భోజన్నకు అప్పుడు ధైర్యం వచ్చింది.

ఇంటికి వచ్చాక తొలి మంగళవారం నీడతో పాటు రాములవ్వ కూడా అంగన్‌వాడీకి వచ్చి చాప మీద కూర్చుంది. పక్కవాడ సుకన్య గుమ్మంలోనే నిలబడింది. భర్తకూ చేతులు వణుకుతున్నాయట, దవాఖానకు పోతే ఊరు నవ్వుతుందని రానంటున్నాడట.

రాములవ్వ కొంగు దోపుకుని లేచింది.

"నవ్వేటోళ్లను నవ్వనియ్యి. నేను ఉండొచ్చిన గద, ఏమైంది? నడువు బిడ్డ, ఆయనతోని నేను మాట్లాడుత."